క్లోమం పని మానేసింది, నేను మానలేదు

బెల్లం వండే ఇంట్లో సుగరు జబ్బు దాక్కోవడం చాలా తేలిక. అక్కడ ఎవరూ దాన్ని వెతకరు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది. ఎవరైనా అడిగితే పోటీ పరీక్షలకి చదువుతున్నానని చెప్పేవాణ్ణి. ఎవరూ అడక్కపోతే బెల్లం పెనం దగ్గర ఉండేవాణ్ణి. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి మా ఊరు బండి మీద పావుగంట. మాకున్నది రెండెకరాల చెరకు, చేను గట్టున ఒక రేకుల షెడ్డు. షెడ్డులో చెరకు ఆడే గానుగ, మట్టి పొయ్యి, దాని మీద మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత పెనం. పాకం చూడ్డం మా నాన్న పని. మరిగే రసాన్ని గరిటెతో తీసి, గిన్నెలో చన్నీళ్ళ మీద ఒక చుక్క వేసి, వేళ్ళతో ముద్ద చేసి చూస్తాడు. ముద్ద కడితే పెనం దింపమంటాడు. కట్టకపోతే ఏమీ అనడు. ఆయన మామూలుగా కూడా ఏమీ అనడు కాబట్టి, ముద్ద కట్టిందో లేదో మొహం చూసి తెలుసుకోవడం నేను నేర్చుకున్న విద్య.

ఆ సీజను మొదట్లో నాకు దాహం పట్టుకుంది. పొయ్యి ముందు నిలబడ్డవాడికి దాహం వెయ్యడం మా ఊళ్ళో వార్త కాదు. బిందెలకి బిందెలు తాగాను, అన్నిసార్లూ గట్టు చాటుకి వెళ్ళాను. అన్ని నీళ్ళు తాగినవాడు వెళ్ళకేం చేస్తాడు అన్నారు. చిక్కిపోయాను. సీజన్లో అందరూ చిక్కుతారు. పట్నంలో అయితే బాత్రూంలో చీమలు పట్టగానే ఇంట్లోవాళ్ళు అనుమానపడతారట. మా షెడ్డు చుట్టుపక్కల చీమలు లేని జాగా జానెడు చూపించండి, మీకు దండేసి ఊరేగిస్తాను. చివరికి నా నోట్లోంచి మగ్గిన పళ్ళ వాసన రావడం మొదలైతే, "పాకం కాడ ఉన్నోడికి ఆ వోసనే వత్తాది" అని మా నానమ్మ తేల్చేసింది. జబ్బు పంపించిన ప్రతి సాక్షినీ మా బెల్లం ఏదో ఒక వంకతో వెనక్కి పంపించేసింది.

అంతటితో ఆగినా బాగుండేది. నీరసంగా ఉందన్నాను.

"గుంటడికి వేడి సేసింది. సెరుకు రసం తాగించండి" అంది నానమ్మ.

మా ఇంట్లో చెరకు రసానికి ఉన్న పేరు పెద్ద పెద్ద ఆసుపత్రులకి లేదు. జ్వరానికి రసం, నీరసానికి రసం, పరీక్ష పోతే రసం. గానుగ దగ్గర పట్టిన రసంలో అల్లం దంచి, నిమ్మకాయ పిండి, మా అమ్మ చెంబుతో తెచ్చేది. నేను తాగేవాణ్ణి. దాహం ఇంకా పెరిగేది. "సూసేవా, ఒంట్లో ఎంత వేడుందో" అని ఇంకో చెంబు తెచ్చేది. ఇలా నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో నేను తాగిన రసాన్ని పెనంలో పోసి ఉంటే మార్కెట్టుకి పంపించదగ్గ దిమ్మ ఒకటి దిగేది. ఐదో రోజు వాంతులయ్యాయి. ఊపిరి కుక్కలా తీస్తున్నాను. పొయ్యిలో వెయ్యడానికి ఎండబెట్టిన చెరకు పిప్పి మీద కూలబడి, మరి లేవలేదు.

ఆసుపత్రిలో వేలు గుచ్చి, రక్తం చుక్క పట్టీ మీద పెట్టారు. మీటరు అంకె చెప్పడం మానేసి, నా లెక్కకి మించిపోయింది అన్నట్టు ఒక్క ముక్క చూపించింది. లెక్కపెట్టడానికే పుట్టిన యంత్రం చేతులెత్తేయడం నేను చూడ్డం అదే మొదటిసారి. కొంచెం గర్వంగా కూడా అనిపించిందని ఒప్పుకోవాలి. పోటీ పరీక్షల్లో నాకెప్పుడూ అన్ని మార్కులు రాలేదు.

రెండు రోజులు సెలైను గొట్టాల మధ్య ఉన్నాను. మూడోరోజు డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. డాక్టర్లు నిలబడి చెబితే చిన్న విషయం, కూర్చుంటే పెద్ద విషయం అని అప్పుడే తెలిసింది.

"నీ పొట్ట వెనకాల క్లోమం అని ఒకటుంటుంది. పాంక్రియాస్ అంటాం. అరచెయ్యి పొడుగుంటుంది. తిన్నది అరగడానికి రసాలు పంపిస్తుంది, రక్తంలో చక్కెర అదుపులో ఉండటానికి ఇన్సులిన్ తయారుచేస్తుంది. నీకు రెండో పని ఆగిపోయింది."

"ఎందుకాగిందండి? బెల్లం వల్లా?"

"బెల్లం వల్ల కాదు. నువ్వు చేసిన తప్పేమీ కాదు. క్రిముల మీద పోరాడాల్సిన నీ ఒంటి సైన్యం పొరపాటుపడి, ఇన్సులిన్ చేసే కణాల మీద పడింది. ఎందుకలా పడుతుందో మాకూ పూర్తిగా తెలీదు. రసం మాత్రం... నిప్పు నువ్వు పెట్టలేదు కానీ, కిరసనాయిలు నువ్వే పోసుకున్నావు."

"నేను కాదండి. మా నానమ్మ."

ఆవిడ నవ్వలేదు. నవ్వితే బాగుండేది, ఎందుకంటే తరవాతి మాట ఇది: "ఇన్సులిన్ బయట్నుంచి వేసుకోవాలి. రోజుకి నాలుగుసార్లు. జీవితాంతం." ఆ మూడో ముక్క తరవాత కాసేపు ఆవిడ పెదాలు కదలడమే కనిపించింది, మాటలు వినిపించలేదు. మళ్ళీ చెవులు తెరుచుకునే సరికి ఇంకేదో చెబుతోంది. కొన్ని కణాలు ఇంకా మిగిలి ఉంటాయి, ఇన్సులిన్ మొదలెట్టాక వాటికి కాస్త తెరిపి దొరుకుతుంది, కొన్ని నెలలపాటు అవి లేచి పనిచేస్తాయి, అప్పుడు డోసు బాగా తగ్గుతుంది, అది చూసి జబ్బు పోయిందనుకుని సూది ఆపేస్తే మళ్ళీ ఇదే మంచం. "దాన్ని మేం హనీమూన్ అంటాం" అంది.

ఆ పేరూ, ఆ దశ సంగతీ నేను ఇంట్లో చెప్పలేదు. కొన్ని విషయాలు నానమ్మకి వివరించడం కన్నా జబ్బు పడటమే సుఖం.

ఇంటికొచ్చాక మిగతా అంతా వివరించాను. క్లోమం, కణం అంటే మావాళ్ళు నిద్రపోతారు కాబట్టి, మార్కెట్టు భాషలో చెప్పాను. రక్తం రోడ్డు అనుకోండి. తిన్న అన్నం దిమ్మలుగా మారి బండ్ల మీద వస్తుంది. ఒంట్లో కణాలన్నీ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న కొట్లు. బండి మీది దిమ్మని కొట్టులోకి ఎవరు దింపాలి? కళాసీలు. ఆ కళాసీలే ఇన్సులిన్. క్లోమం వాళ్ళ మేస్త్రీ. ఎన్ని బండ్లొస్తే అంతమంది కళాసీలని పంపిస్తుంది, ఒకడు ఎక్కువ కాదు, ఒకడు తక్కువ కాదు. బండ్లు రాని పూట ఆకలి వెయ్యకుండా గోదాములోంచి, అంటే కాలేయంలోంచి, దాచిన సరుకు బయటికి తీయించేదీ ఆ మేస్త్రీయే. పక్కింటి పెద్దమ్మకి మాత్రలు వేసుకునే సుగరు ఉందే, అక్కడ కళాసీలు వస్తారు, కొట్లవాళ్ళే షట్టరు సగం దించేసి సతాయిస్తారు. నాకు అలా కాదు. మేస్త్రీ షెడ్డుని కాపలా ఉండాల్సిన మనవాళ్ళే తగలబెట్టేశారు. ఒక్క కళాసీ లేడు. రోడ్డు నిండా బెల్లం, కొట్టులో పస్తు. కొట్లవాళ్ళు ఆకలికి తట్టుకోలేక లోపలి బల్లలూ కుర్చీలూ విరిచి పొయ్యిలో పెట్టుకున్నారు. ఆ పొగే నా నోట్లో పళ్ళ వాసన. ఆ పొగ విషమే నన్ను పడగొట్టింది.

చాలా బాగా చెప్పాననుకున్నాను. అందరూ శ్రద్ధగా విన్నారు. నాన్న పొయ్యి వైపు చూస్తూ విన్నాడు.

"అయితే ఆ కళాసీలని మళ్ళీ పన్లోకి రమ్మనడానికి ఏం తినాల్రా?" అంది అమ్మ.

తరవాతి వారమంతా నన్ను చూడ్డానికి జనం వచ్చారు. మా ఊళ్ళో ఎవరికైనా ఏదైనా అయితే చుట్టాలు ఖాళీ చేతుల్తో రారు, ఒకరు కాకరకాయలు, ఒకరు నేరేడు గింజల పొడి, ఒకరు మెంతులు. మా వంటింటి గూట్లో చేదు తప్ప మరొకటి లేకుండా పోయింది. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "ఈ వొయసులోనే వచ్చిందా నాయనా" అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఏ వయసులో వస్తే ఆయనకి వీలుగా ఉండేదో అడిగాను. అమ్మ నన్ను లోపలికి పొమ్మంది. ఇంకొకావిడ, సుగరున్నవాడు వండిన బెల్లం జనం కొంటారా అని నెమ్మదిగా అనుమానం వ్యక్తం చేసింది. పంటినొప్పి ఉన్నవాడు పండించిన చెరకు కొంటున్నారు కదండీ అన్నాను. ఈసారి అమ్మ పొమ్మనలేదు.

నాన్న మాత్రం ఒక్కటే అన్నాడు. "షెడ్డుకేసి రాకు. పాకం ఆవిరి తగుల్తాది."

ఆవిరి పీలిస్తే సుగరు పెరుగుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, తనకు తానే కనిపెట్టాడు. అది విన్న మర్నాడే మీటరు తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. పెనం పక్కన నిలబడి వేలు గుచ్చుకున్నాను. 148. గంటసేపు అక్కడే నిలబడ్డాను, కావాలని గట్టిగా ఊపిరి పీలుస్తూ. పొగకి దగ్గొచ్చింది తప్ప ఇంకేం రాలేదు. మళ్ళీ గుచ్చుకున్నాను. 141. రెండు పట్టీలూ, మీటరూ నాన్న ముందు పెట్టాను. ఆయన మీటరుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గిన్నెలో పాకం చుక్కని చూసే చూపే అది. మీటరు తిరిగిచ్చి, గరిటె కూడా చేతికిచ్చాడు.

"నాలిక మీద మాత్రం ఏసుకోకు."

అలా మళ్ళీ పనిలో చేరాను.

అసలు గొడవ మా మామతో మొదలైంది. మామ అంటే అమ్మ తమ్ముడు, మాకవరపాలెంలో ఉంటాడు. నన్ను ఎత్తుకుని తిరిగినవాడు. ఒక ఆదివారం బండేసుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, ఒక పొట్లం తీశాడు.

"రోలుగుంట దాటాక కొండ కింద ఒకాయనున్నాడు బావా. ఆకు పొడి ఇత్తాడు. నలభై రోజులు తింటే సుగరు పేరే ఉండదంట. ఒక్కటే పత్తెం. ఆ నలభై రోజులూ సూది ముట్టకూడదు."

"ఎందుకు ముట్టకూడదు మామా?"

"రెండు మందులూ ఒంట్లో కొట్టుకుంటాయిరా అల్లుడా."

"కొట్టుకోనీ. గెలిచింది ఉంటుంది."

"నీకు అన్నీ ఎకసెక్కాలే. రోజుకి నాలుగు మార్లు అలగ పొడుసుకుంటావేటి బతుకంతా? ఇరవై రెండేళ్ళ గుంటడివి."

"నలభై రోజులు సూది ఆపితే బతుకంతా అక్కర్లేదు మామా. నాలుగైదు రోజులు చాలు. మొన్న చూశారు కదా."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న లేచి షెడ్డుకి వెళ్ళిపోయాడు. కాదనలేదు, ఔననలేదు. నాకు భయం వేసింది అప్పుడే. మామకి ఎదురు చెప్పగలను. నాన్న మౌనానికి ఎలా ఎదురు చెప్పడం? ఇన్సులిన్ ఉండేది మా ఫ్రిజ్ తలుపు అరలో, నిమ్మకాయల పక్కన. ఆ ఇంట్లో అందరూ కలిసి నన్ను ప్రేమించాలని నిర్ణయించుకుంటే, దాన్ని తీసి పారెయ్యడానికి అర నిమిషం పట్టదు. అప్పట్నుంచీ రోజుకి రెండుసార్లు ఫ్రిజ్ తెరిచి చూసుకునేవాణ్ణి. అమ్మ నిమ్మకాయలు లెక్కపెడుతున్నాననుకునేది.

సూది ఆపనని అందరిముందూ చెప్పేశాను. ఉప్మాక వెంకన్నకి మొక్కుకోండి, నాకు అభ్యంతరం లేదు, ఆయన సూది మానమని ఎప్పుడూ అడగలేదు. కాకరకాయ వండండి, తింటాను, కోపంగా తింటాను. సూది మాత్రం ఆపను. ఎవరైనా అన్నం మానేసి నాకు తోడుగా నలభై రోజులుంటానంటే అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. మామ పొట్లం అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక విచిత్రం జరిగింది. నా అంకెలు తగ్గడం మొదలెట్టాయి. అన్నానికి ముందు పది యూనిట్లు వేసుకునేవాణ్ణి ఎనిమిదికొచ్చాను, తరవాత ఆరు. ఫోన్లో డాక్టరమ్మ ప్రతి వారం తగ్గిస్తోంది. ఆవిడ చెప్పిన ఆ పేరు చెప్పరాని దశ వచ్చిందని నాకు తెలుసు. ఇంట్లోవాళ్ళకి తెలిసింది వేరు. ఒక రోజు నా మజ్జిగ గ్లాసు అడుగున పచ్చటి మడ్డి కనిపించింది.

"అమ్మా, ఇదేంటి?"

"కరేపాకు."

"కరివేపాకు ఇలా మొహం మాడ్చుకుని ఉండదమ్మా."

అమ్మ గ్లాసు అందుకుంది. "రెండు నెల్ల నుంచీ ఏత్తన్నాను. తగ్గుతుంది కదరా నీకు. అంకెలు నువ్వే సెప్తన్నావు కదేటి."

అబద్ధం చెప్పే మీటరుని ఎదిరించవచ్చు. నిజం చెప్పే మీటరుని పట్టుకుని నా మీదికే వచ్చినవాళ్ళని ఏం చేస్తాం? కొండ కింద ఆయన ఆకులో ఏముందో నాకు తెలీదు. తగ్గడానికి కారణం అది కాదని మాత్రం తెలుసు. తెలిసినవాడు ఒక్కడు, నమ్మినవాళ్ళు ముగ్గురు. ఆ సాయంత్రానికే మాకవరపాలెం ఫోను వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే మామ వచ్చాడు. మేం అప్పటికే షెడ్డులో ఉన్నాం. ఆ రోజు గానుగ దగ్గరి మనిషి రాలేదు, చెరకు మోపులు నేనే మోశాను. పొద్దున సూది వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నాను, మిగతా రెండూ తరవాత తిందామని మోపులకి వెళ్ళిపోయాను. అదీ నేను చేసిన తప్పు. సూదితో పిలిచిన కళాసీలు ఇంటికి పొమ్మంటే పోరు. బండ్లు లేకపోయినా రోడ్డు మీద ఉన్నదంతా ఊడ్చి కొట్లలో పడేస్తారు.

ముందు చెమట పట్టింది. మళ్ళీ అదే ఇబ్బంది, పొయ్యి ముందు చెమటని ఎవడు సాక్ష్యం కింద తీసుకుంటాడు? తరవాత వేళ్ళు వణికాయి. గరిటె పెనం అంచుకి కొట్టుకుని టకటకమంది. నాన్న మొహం నాలుగైనట్టు కనిపించింది. నాలుగు మొహాల్లో ఒక్కటీ ఏమీ అనలేదు. చొక్కా జేబులోంచి మీటరు తీసి గుచ్చుకున్నాను. 52.

పక్కన గోలెంలో అంతకుముందు దింపిన బెల్లం చల్లారుతోంది. నిమ్మకాయంత ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. నానమ్మ చూసింది, అమ్మని పిలిచింది. అమ్మ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒగ్గీ, ఒగ్గీరా, అది బెల్లంరా."

"తెలుసమ్మా. నేనే వండేను."

మామ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "సూసేవా బావా? నాను సెప్పలేదేటి? ఆకు పొడి పని సేసింది. సుగరు పోయింది. పోయిన దాని మీద మళ్ళీ సూది పొడుత్తే గుంటడు పడిపోడేటి మరి? ఆ సూదే వీణ్ణి సంపెత్తాది. ఇయాల్టి నుంచీ ఆపీండి."

ఒప్పుకోక తప్పదు, బ్రహ్మాండమైన వాదన. నా దగ్గర జవాబు ఉంది, కానీ నోరు బెల్లంతో నిండి ఉంది, బుర్ర ఖాళీగా ఉంది. "మామా, పదిహేను నిమిషాలాగు. మెదడు కొట్లోకి సరుకు దిగుతోంది" అన్నాను. ఆ మాట సగమే బయటికొచ్చింది. పిప్పి కుప్ప మీద కూర్చున్నాను. అందరూ నా చుట్టూ నిలబడ్డారు. పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఒక మనిషి బెల్లం నములుతుంటే చూశారు. అమ్మ నా వీపు రాస్తోంది. నానమ్మ మాత్రం చివర్లో, "మన బెల్లమే కాపాడింది" అంది. ఆవిడన్న మాట ఆ సీజన్లో మొదటిసారి నిజమైంది.

మళ్ళీ గుచ్చుకున్నాను. 96. చేతులు ఆగాయి.

"మామా, డాక్టరమ్మ నేను మంచం మీదుండగానే చెప్పింది. మిగిలిన కొన్ని కణాలు కొన్నాళ్ళు లేచి పనిచేస్తాయి, డోసు తగ్గుతుంది, జబ్బు పోయిందనుకుంటారు, ఆపకండి అని. మందుల చీటీలో రాసింది కూడా. అప్పటికి నీ పొడి ఇంకా చెట్టు మీద ఆకుగా ఉంది. ఇవాళ నేను పడబోయింది సూది వల్ల కాదు. సూది వేసుకుని సగం తిని మోపులు మోసినందుకు. తప్పు నాది. నన్ను తిట్టండి, ఎంతైనా తిట్టండి. సూది ఆపమని మాత్రం ఎవరూ అనకండి. నేను ఆపను. ఫ్రిజ్‌లోది పారేస్తే ఇంకోటి కొనుక్కుంటాను. ఇంట్లోంచి పొమ్మంటే మందు పట్టుకుని పోతాను."

చివరి వాక్యం అక్కర్లేదు. నన్నెవరూ పొమ్మనలేదు. కానీ చాలాకాలంగా దాచుకున్న వాక్యం, బయటికి వచ్చేసింది.

"బావా, నువ్వు సెప్పు" అన్నాడు మామ.

నాన్న పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పెనం అంచున నురుగు ఎర్రబడుతోంది. ఆయన పొయ్యిలోంచి మండుతున్న పిప్పి కొంత కర్రతో వెనక్కి లాగాడు. మంట తగ్గింది. అప్పుడు మాట్లాడాడు, మామ వైపు తిరక్కుండా.

"అంచు మాడతంటే నానేటి సేత్తన్నాను?"

"పిప్పి తీత్తన్నావు."

"పొయ్యి ఆర్పీలేదు కదా. ఆర్పీసేననుకో. ఈ రసం బెల్లమవుద్దేటి? పొద్దుగూకీసరికి పులిసి కంపు కొడతాది. మొన్న ఆడి ఒళ్ళు అలగే పులిసింది. నాను సూసేను." కర్ర పక్కన పెట్టాడు. "మంటెక్కువైతే తగ్గిద్దాం. ఆర్పడం లేదు. ఆ డాట్రమ్మకి పోన్ సెయ్యి."

రెండు నెలలుగా కళాసీలు, మేస్త్రీలు, షట్టర్లు అని నేను గొంతు చించుకుంటుంటే పొయ్యి వైపు చూస్తూ కూర్చున్న మనిషి. విన్నాడో లేదో తెలీదు. తన దారిలో తను వెళ్ళి, నాకన్నా ముందు చేరాడు. పైగా నాకన్నా తక్కువ మాటల్లో. నాకు కాస్త కుళ్ళుగా అనిపించింది.

డాక్టరమ్మకి స్పీకరు పెట్టి ఫోను చేశాను. పొద్దుటి డోసు రెండు యూనిట్లు తగ్గించింది. బరువు పని ఉన్న రోజు ఇంకొంచెం తక్కువ వేసుకొని, తిన్నాకే పనిలోకి వెళ్ళమంది. అమ్మ ముందుకొచ్చి ఆకు పొడి సంగతి తనే చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు. "అందులో ఏముందో నాకు తెలీదమ్మా, తెలీనిది పెట్టకండి. ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి" అంది.

ఫోను పెట్టేశాక అమ్మ అంది, "మరి నానేటి సెయ్యాల్రా?"

అప్పుడర్థమైంది నాకు. రెండు నెలలుగా ఆవిడ మజ్జిగలో కలుపుతున్నది ఆకు ఒక్కటే కాదు. కొడుకు ఒళ్ళంతా తెలీని భాషలో మాట్లాడుతుంటే, ఆవిడ చేతికి ఒక పని కావాలి. "నేను తినకుండా షెడ్డులోకి వస్తే చెప్పుతో కొట్టమ్మా" అన్నాను.

"అది నానెప్పుడో సెయ్యాల్సింది" అంది.

మధ్యాహ్నం అన్నాలు షెడ్డుకే తెచ్చింది. అరిటాకులు వేసింది. అన్నం ఎంత పెట్టాలో నన్నడిగి, పెట్టి, ఇంకో గరిటె పెట్టబోయి, తనే వెనక్కి తీసింది. నేను ఇన్సులిన్ పెన్ను తీశాను. ఇంకు పెన్ను లాగే ఉంటుంది, సూది చివర వెంట్రుకంత. ఇన్నాళ్ళూ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని వేసుకునేవాణ్ణి, ఎవరికీ ఇబ్బంది లేకుండా. ఆ రోజు వెళ్ళలేదు. అందరి ముందూ, పెనం పక్కన, చొక్కా పైకి లాగాను. మామ చటుక్కున చెరకు మోపుల వైపు తిరిగిపోయాడు.

"ఇటు చూడు మామా. ఏమీ ఉండదు. ఒక్కసారి చూస్తే నీకే తెలుస్తుంది."

"నాను సూడను."

"కోపమా?"

"కోపం కాదురా." ఆయన వీపు నాతో మాట్లాడింది. "నాకు సూదంటే పేణం పోద్ది. సిన్నప్పుడు టీకాలోళ్ళొత్తే సెట్టెక్కీసేవోణ్ణి. నువ్వు రోజుకి నాలుగు మార్లు పొడుసుకుంతన్నావని మీ అమ్మ సెప్పిన కాణ్ణించీ నాకు ముద్ద దిగట్లేదు. ఏదో ఒకటి సేసి అది మానిపించాలని తిరిగేను. కొండెక్కమన్నా ఎక్కుదును."

జోకు వెయ్యబోయి మానేశాను. ఆ కొండ కిందాయన, పథ్యం, నలభై రోజులు, మా ఇంట్లో రెండు నెలల యుద్ధం, అంతా ఒక నలభై ఏళ్ళ మనిషి సూదికి భయపడటం వల్లా, ఆ భయం నా బదులు తను పడటం వల్లా.

"నాక్కూడా మొదటి వారం చెయ్యి వణికింది మామా. ఇప్పుడు దోమ కుట్టినంత కూడా ఉండదు. కావాలంటే సాయం చెయ్యి. ఈ చొక్కా అంచు పట్టుకో, జారిపోతోంది."

చొక్కా జారట్లేదు. ఆయన వచ్చాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, తడుముకుని చొక్కా అంచు పట్టుకున్నాడు. పొట్ట పక్కన చర్మం పట్టుకుని సూది పెట్టి, బొత్తాం నొక్కి, పది లెక్కపెట్టి తీసేశాను.

"అయిపోనాదేటి?"

"ఎప్పుడో అయిపోయింది."

ఒక కన్ను తెరిచాడు. పొట్ట మీద రక్తం కోసం వెతికాడు. లేదు. కొంచెం మోసపోయినట్టు చూశాడు.

"ఇంకెప్పుడూ ఆపమని అనన్లేరా అల్లుడా."

"అన్నా ఆపను మామా. కూర్చో, అన్నం చల్లారిపోతోంది."